నల్లా తిప్పితే వచ్చే నీళ్లు

రోజూ కళ్ల ముందే ఉన్నా పట్టించుకోని ఏ చిన్న విషయానికి మీరు కృతజ్ఞతగా ఉంటారు, ఆ భావన నిజంగా మనసులోకి ఎలా వస్తుంది అని అడిగారు. ఆలోచించుకోనక్కర లేకుండా చెప్తాను. మా ఇంట్లో నల్లా నీళ్లు.

మాది నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు ఊరు. ఆ పేర్లు చెప్పగానే కొంచెం వయసున్న వాళ్లకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తెలియని వాళ్ల కోసం చెప్తాను. మా నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ మెల్లగా కరిగి భూగర్భ జలాల్లో కలుస్తుంది. వానలు తగ్గి, పైనున్న బావులు ఎండిపోయి, బోర్లు లోతుకు పోయినకొద్దీ నీళ్లలో దాని మోతాదు పెరుగుతూ వచ్చింది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మా దగ్గర చాలా ఊళ్లలో బోరింగు నీళ్లు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. మరిగించి తాగితే పోతుంది కదా అని బయటివాళ్లు అంటుంటారు. పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది.

ఆ నీళ్లు ఇంట్లో ఎలా ఉండేవో చెప్పాలి. పప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు. అన్నం కాస్త పసుపు తిరిగేది. స్టీలు బిందె లోపల తెల్లటి పొర కట్టేది, చింతపండు పెట్టి తోమినా పూర్తిగా వదిలేది కాదు. ఇవన్నీ ఆడవాళ్ల చేతులకు తెలిసిన కష్టాలు. శరీరంలో జరిగేది మాత్రం ఏళ్ల తర్వాతే బయటపడుతుంది. పిల్లల పళ్లు గోధుమరంగు చారలతో గార పళ్లుగా వచ్చేవి. పెద్దవాళ్లకు ముందు మోకాళ్లు, నడుము పట్టేసేవి, తర్వాత మెడ తిరిగేది కాదు, చివరికి వెన్ను వంగి బిగుసుకుపోయేది. మా నాయనమ్మను ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూస్తుంది. నేను పుట్టినప్పటి నుంచి ఆమెను అలాగే చూశాను. చిన్నప్పుడు ముసలివాళ్లందరూ అలాగే ఉంటారు అనుకునేదాన్ని. హైదరాబాద్‌లో చదువుకోవడానికి వెళ్లాక, నాయనమ్మ వయసువాళ్లు పార్కులో చేతులు ఊపుకుంటూ నడుస్తుంటే ఆగి చూశాను.

ఈ జబ్బు సంగతి కొత్తగా తెలిసింది కాదు, అదే బాధ. మన దేశంలో దీన్ని 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో గుర్తించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ అనే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవాళ్లు తయారుచేస్తే దానికి పేరే నల్లగొండ టెక్నిక్ అని పెట్టారు. మా జిల్లా పేరు అలా శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది. కృష్ణానది మా జిల్లా అంచునే పారుతుంది. నాగార్జునసాగర్ మాదే. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకెళ్లే పెద్ద పైపులూ మా జిల్లా మీదుగానే పోతాయి. అయినా మా బిందెలు బోరింగు దగ్గరే ఉండేవి.

1996 లోక్‌సభ ఎన్నికల సంగతి మీలో ఎంతమందికి తెలుసో. జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నియోజకవర్గంలో జనం పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది పోటీలో మిగిలారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు. కూలినాలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. గెలవలేమని తెలిసే కట్టారు. దేశమంతా ఒక్కసారి ఇటు చూడాలి, మా నీళ్ల గురించి అడగాలి అని కట్టారు. ఆ ఏడాదే డిపాజిట్‌ను పది వేలకు పెంచారు. ఆ నామినేషన్ వేసిన వాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ గుర్తులేవు. నాకు కృతజ్ఞత అన్నప్పుడు మొదట తలపుకొచ్చేది వాళ్లే.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ నీళ్ల పథకానికి పైలాన్ ఆవిష్కరించింది. అదే తర్వాత మిషన్ భగీరథ అయింది. మా ఊరికి ఆ నీళ్లు అందడానికి ఇంకొంత కాలం పట్టింది. మొదట్లో ఊళ్లో సగం మంది తాగలేదు. చప్పగా ఉన్నాయన్నారు, మందు వాసన వస్తోందన్నారు. బోరు నీళ్ల ఉప్పదనానికి నాలుక అంతగా అలవాటు పడిపోయింది. పప్పు తొందరగా ఉడకడం మొదలయ్యాక ఆ మాటలు తగ్గాయి.

నాకు బాగా గుర్తున్నది మాత్రం మా అన్న కూతురి పళ్లు. పాల పళ్లు ఊడి, ముందు రెండు పెద్ద పళ్లు వచ్చాయి. నాయనమ్మ అరుగు మీద కూర్చుని దాన్ని దగ్గరికి పిలిచింది. గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పింది. పై పెదవిని బొటనవేలితో పైకెత్తి, ఒక్కో పన్నునూ గోరుతో గీకి చూసింది. పిల్ల విసుక్కుని కదులుతున్నా వదల్లేదు. ‘గార లేదు బిడ్డా, తెల్లగ వచ్చినయి’ అంది. మా ఇంట్లో అలాంటి పళ్లు వచ్చిన మొదటి పిల్ల అదే. నా పళ్లు అలా ఉండవు, మా అన్నవీ ఉండవు. శాశ్వత పళ్లకు పింగాణీ పొర చిన్నతనంలోనే ఏర్పడుతుంది. ఆ ఏళ్లలో తాగిన నీళ్లు మంచివైతే పళ్లు మంచివి. ఎముకల సంగతి అలా కాదు. నాయనమ్మ వెన్ను ఇక తిన్నగా అవదు. అది ఆమెకు తెలుసు, అయినా ఆ రోజు ఆమె ముఖంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు.

ఇక మీ రెండో ప్రశ్న, ఆ భావన నిజంగా మనసులోకి ఎలా వస్తుంది అని. రోజూ పడుకునే ముందు మూడు మంచి విషయాలు రాసుకోండి అని చాలామంది సలహా ఇస్తారు. అది పనిచేసే వాళ్లకు పనిచేస్తుందేమో. నా మటుకు, ఒక వస్తువు వెనక ఉన్న కథ తెలిస్తే తప్ప మనసు కదలదు. మీ ఇంట్లో ఏదో ఒకటి పట్టుకోండి. కరెంటు, గ్యాస్ పొయ్యి, మరుగుదొడ్డి, ఊరి బస్సు, ఏదైనా. అది లేనప్పుడు ఎలా ఉండేదో ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. అమ్మను అడగండి ముఖ్యంగా. మగవాళ్లు ‘కష్టంగా ఉండేది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఆడవాళ్లు ఎన్ని బిందెలు, ఎంత దూరం, ఏ నెలలో బావి అడుగంటేదో చెప్తారు.

నీళ్లివ్వడం ప్రభుత్వం బాధ్యత, దానికి కృతజ్ఞత దేనికి అని నా స్నేహితురాలు ఒకసారి గట్టిగానే అడిగింది. బాధ్యతే, కాదనను. రెండు రోజులు నల్లా రాకపోతే పంచాయతీకి వెళ్లి అడిగేవాళ్లలో నేనూ ఉంటాను. నా కృతజ్ఞత అడిగి సాధించినవాళ్ల మీద, పైపులకు కందకాలు తవ్వినవాళ్ల మీద, తెల్లారకముందే లేచి వాల్వు తిప్పే మా ఊరి వాటర్‌మ్యాన్ మీద.

చివరగా ఒక మాట, దీన్ని చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంటే, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే, దయచేసి ఆ నీళ్లను ఒక్కసారి పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలు ఉంటాయి, శుభ్రమైన సీసాలో పట్టి ఇవ్వండి. రిపోర్టులో ఫ్లోరైడ్ అంకె ప్రత్యేకంగా చూడండి. 1.5 దాటితే తాగడానికి, వంటకు ఆ నీళ్లు ఆ రోజు నుంచే మానేయండి. స్నానానికి, బట్టలు ఉతకడానికి వాడుకోవచ్చు.