టెక్సాస్‌లో మొదటి క్యాంపింగ్: ఇంక్స్ లేక్ ఒడ్డున రెండు రాత్రులు

ప్రశ్న: మేము ఆస్టిన్ వచ్చి ఏడాది కావస్తోంది. ఆఫీసులో అందరూ స్టేట్ పార్కులో క్యాంపింగ్ అంటుంటారు. మాకు టెంట్ వెయ్యడం కూడా తెలియదు. ఐదేళ్ళ పాప ఉంది. మార్చిలో అత్తయ్యగారు, మావయ్యగారు ఇండియా నుంచి వస్తున్నారు. ఇంకో రెండు తెలుగు కుటుంబాలు కూడా వస్తామంటున్నాయి. ఎక్కడికి వెళ్ళాలి? ఏమేం కొనాలి? పెద్దవాళ్ళు ఉండగలరా? పాపతో భయం లేదా?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. ఈ దేశంలో తక్కువ ఖర్చుతో కుటుంబమంతా కలిసి గడపగలిగే చోట్లలో స్టేట్ పార్కులను మించినవి నాకు కనపడలేదు. ఆస్టిన్ నుంచి మొదటిసారి అయితే బర్నెట్ దగ్గరున్న ఇంక్స్ లేక్ స్టేట్ పార్కుకే వెళ్ళమంటాను. కారులో గంటా పావు ప్రయాణం. కొలరాడో నది మీద వరుసగా కట్టిన ఆరు హైలాండ్ లేక్స్‌లో అది రెండోది, బుకానన్ డ్యామ్‌కి సరిగ్గా దిగువన ఉంటుంది. (ఈ కొలరాడో టెక్సాస్‌లోనే పుట్టి ఇక్కడే సముద్రంలో కలిసే నది. గ్రాండ్ క్యాన్యన్‌లో పారే కొలరాడో వేరు.) కరువు రోజుల్లో బుకానన్ లాంటి జలాశయాల్లో నీళ్ళు బాగా తగ్గినా, ఇంక్స్ లేక్‌లో నీటిమట్టం దాదాపు ఒకేలా ఉంటుంది. ఒడ్డునంతా గులాబీ రంగు రాళ్ళు. వంద కోట్ల ఏళ్ళు పైబడిన రాళ్ళవి. మీ మావయ్యగారికి చెప్పండి, తప్పకుండా చేత్తో తాకి చూస్తారు.

మార్చి చివర వెళ్తే ఇంకో లాభం, దారి పొడుగునా బ్లూబానెట్ పూలు విచ్చుకునే రోజులవి. బర్నెట్‌కి ఆ పూల పేరు మీదే ఖ్యాతి.

ఇక బుకింగ్. చాలామంది తెలుగువాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. శుక్రవారం అనుకుని శనివారం బయలుదేరే పద్ధతి ఇక్కడ కుదరదు. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకి ఐదు నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. మార్చి చివరి వారానికి కావాలంటే అక్టోబరు చివర్లోనే చూసుకోవాలి. బడులకు స్ప్రింగ్ బ్రేక్ ఇచ్చే మార్చి నడిమి వారంలో దొరకడం మరీ కష్టం. ఆదివారం నుంచి గురువారం లోపు రాత్రులైతే కాస్త ఆలస్యంగా చూసినా దొరుకుతాయి. దొరకలేదని వదిలెయ్యకండి, జనం రద్దు చేసుకుంటూనే ఉంటారు, రోజూ ఒకసారి సైట్ చూస్తూ ఉండండి. అలాగే మీకు వీలు పడకపోతే మీరూ వెంటనే రద్దు చెయ్యండి. ఆ స్థలం కోసం ఇంకో కుటుంబం ఎదురుచూస్తూ ఉంటుంది.

క్యాంప్‌సైట్‌కి కట్టే డబ్బు వేరు, పార్కులో అడుగు పెట్టినందుకు మనిషికి రోజుకి కట్టే ప్రవేశ రుసుము వేరు. పన్నెండేళ్ళ వరకు పిల్లలకి రుసుము లేదు. నలుగురు పెద్దలు రెండు రోజులు ఉంటే ప్రవేశానికే చాలా అవుతుంది, అందుకని వార్షిక పాస్ తీసుకోండి. పాస్ ఉన్నవాళ్ళతో అదే కారులో వచ్చినవాళ్ళకి కూడా ప్రవేశ రుసుము ఉండదు. ఏడాదంతా రాష్ట్రంలో ఏ స్టేట్ పార్కుకి వెళ్ళినా అది చెల్లుతుంది.

ఒక సైట్‌లో ఎనిమిది మందికి మించి ఉండకూడదు. మీరు మూడు కుటుంబాలు కాబట్టి పక్కపక్కన రెండు మూడు సైట్లు తీసుకోండి. నీళ్ళ కుళాయి, కరెంటు ఉన్నవే చూడండి. సైట్ ఎంచుకునేటప్పుడు మ్యాప్ పెద్దది చేసి చూడండి. నీళ్ళ అంచున ఉన్న సైట్లు ఫోటోల్లో బాగుంటాయి, అందరూ వాటికోసమే పోటీ పడతారు. ఐదేళ్ళ పాపతో వెళ్తున్నారు కాబట్టి మీరు మాత్రం రెండో వరసలో, బాత్‌రూముకి దగ్గరగా ఉన్నది తీసుకోండి. పాప టెంట్‌లోంచి బయటికి పరిగెత్తగానే నీళ్ళు తగలకూడదు. అర్ధరాత్రి అత్తయ్యగారు బాత్‌రూముకి వెళ్ళాలంటే చీకట్లో ఎక్కువ దూరం నడవకూడదు. ఈ రెండూ లేక్ కనపడే కిటికీ కన్నా ముఖ్యం.

అత్తయ్యగారికీ మావయ్యగారికీ టెంట్ వద్దు. నేల మీద నుంచి వంగి లేవడం మోకాళ్ళకి కష్టం. ఇంక్స్ లేక్‌లో చిన్న క్యాబిన్లు ఉన్నాయి. లోపల మంచాలు, ఏసీ ఉంటాయి, బాత్‌రూము మాత్రం బయట అందరూ వాడేదే. దుప్పట్లు, దిండ్లు, పక్క మీద పరిచే గుడ్డలు మనమే తీసుకెళ్ళాలి. టెంట్ సైట్ల కన్నా ఇవి ముందే అయిపోతాయి, అందుకని మొదట క్యాబిన్ దొరికిన తేదీ చూసుకుని, ఆ తేదీకే మీ సైట్లు తీసుకోండి. బాత్‌రూముల్లో ఫ్లష్ టాయిలెట్లు, వేడినీళ్ళ షవర్లు ఉంటాయి. ఒక మగ్గు వెంట ఉంచుకోండి.

కొనాల్సినవాటి గురించి. మొదటిసారికే అయిదారు వందల డాలర్లు పొయ్యొద్దు. టెంట్, స్లీపింగ్ బ్యాగులు అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. మీ బృందంలో ఎమ్మెస్ చదివే పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళ యూనివర్సిటీలో అడగమనండి, చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి చవగ్గా అద్దెకిస్తారు. కొనాలనుకుంటే, నలుగురి టెంట్ అని రాసినదాంట్లో నలుగురు భుజాలు రాసుకుంటూ పడుకుంటేనే పడతారు. ముగ్గురికి ఆరుగురి టెంట్ తీసుకోండి. అడుగున పరవడానికి టార్పాలిన్ పట్టా కొనండి, అది టెంట్ అంచులు దాటి బయటికి రాకుండా మడవండి. బయటికి వస్తే వాన నీళ్ళు దాని మీద పడి నేరుగా మీ పక్క కిందికి చేరతాయి. ఇంక్స్ లేక్ దగ్గర నేల రాతినేల. టెంట్‌తో వచ్చే సన్న మేకులు వంగిపోతాయి, గట్టి ఇనుప మేకులు, చిన్న సుత్తి విడిగా తీసుకోండి. వెళ్ళే ముందు వారం అపార్ట్‌మెంట్ పక్క పచ్చికలో ఒకసారి టెంట్ వేసి, తీసి చూడండి.

మార్చి రాత్రులు చలిగా ఉంటాయి. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా చలి నేలలోంచి వస్తుంది. గాలి పరుపు ఒక్కటే సరిపోదు, దాని మీద మందపాటి రగ్గు పరిచి పడుకోండి. చలి వేస్తోందని బొగ్గుల కుంపటిని గానీ, గ్యాస్ స్టవ్‌ని గానీ టెంట్ లోపలికి ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకెళ్ళొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వంట మనకి సులువే. కరెంటు ఉన్న సైట్ కాబట్టి రైస్ కుక్కర్ తీసుకెళ్ళండి, బయట వాడే రకం ఎక్స్‌టెన్షన్ కార్డు మరిచిపోవద్దు. మొదటి రోజు మధ్యాహ్నానికి ఇంట్లో కలుపుకొచ్చిన పులిహోర, పెరుగన్నం చాలు. టెంట్లు వేసేటప్పుడు వంట పెట్టుకుంటే రెండూ చెడతాయి. సాయంత్రానికి ఇంట్లోనే మసాలా పట్టించి కూలర్‌లో తెచ్చిన చికెన్‌ని సైట్‌లో ఉండే గ్రిల్ మీద కాల్చుకోవచ్చు. పొద్దున చిన్న ప్రొపేన్ స్టవ్ మీద ఉప్మా, టీ. ఆరు బయట తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుందన్న టెన్షన్ ఉండదు, మీ అత్తయ్యగారికి అది అమెరికాలో దొరికే పెద్ద సుఖం. పడుకునే ముందు మాత్రం తిండి అన్నదంతా, కూలర్‌తో సహా, కారులో పెట్టి తాళం వెయ్యండి. రాత్రిపూట తిండి కోసం తిరిగే రకూన్లనే జంతువులకి కూలర్ మూత తియ్యడం బాగా వచ్చు.

కట్టెలు అక్కడ ఏరుకోవడం నిషిద్ధం. ఇంటి నుంచి మోసుకెళ్ళడమూ మంచిది కాదు, చెట్లని తినే పురుగులు కట్టెల్లో దాక్కుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతాయి. పార్కులోనో, దగ్గరి ఊళ్ళోనో కొనుక్కోండి. వానలు లేని రోజుల్లో కౌంటీవాళ్ళు బర్న్ బ్యాన్ పెడతారు, అప్పుడు కట్టెలూ బొగ్గులూ వెలిగించకూడదు. బయలుదేరే ముందు రోజు పార్కు పేజీ చూడండి.

ఇక అసలు సంగతి, నీళ్ళు. ఈ దేశంలో లేకుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయిన తెలుగు పిల్లల వార్తలు మనం ఎన్నిసార్లు చదివాం! చదువుకోడానికి వచ్చినవాళ్ళు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు. ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ భాగం మీ స్నేహితులందరికీ చదివి వినిపించమని అడుగుతున్నాను.

టెక్సాస్‌లో కనపడే పెద్ద లేకులన్నీ దాదాపు డ్యాములు కట్టగా నిలిచిన నీళ్ళే, మన శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లాగే. తూర్పున కాడో లేక్ ఒక్కటి మాత్రం సహజంగా ఏర్పడింది. డ్యాము కట్టిన లేక్ అంటే నీళ్ళ అడుగున ఒకప్పటి లోయ ఉంటుంది, రాళ్ళు, చెట్ల మోడులు ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తూ ఉండగానే మరో అడుగులో కాలికి నేల అందకపోవచ్చు. స్విమ్మింగ్ పూల్‌లో ఈత వచ్చినంత మాత్రాన ఇక్కడ ధైర్యం చెయ్యకూడదు. పూల్‌లో అడుగు కనపడుతుంది, పట్టుకోడానికి గోడ ఉంటుంది. మార్చిలో నీళ్ళు చల్లగా ఉంటాయి, ఒక్కసారిగా దిగితే ఊపిరి అందదు. స్టేట్ పార్కుల్లో లైఫ్‌గార్డులు ఉండరు. మన పిల్లల్ని మనమే చూసుకోవాలి.

పడవల్లో పదమూడేళ్ళ లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ వేసి ఉంచాలని టెక్సాస్ చట్టం. నేను అంతటితో ఆగను. ఈత రాని పెద్దలు కూడా నడుము లోతు నీళ్ళలోకి దిగితే జాకెట్ వేసుకోవాల్సిందే. పాపకి ఒడ్డున ఆడుకునేటప్పుడు కూడా వెయ్యండి. చేతులకి తొడిగే గాలి బుడగలు లైఫ్ జాకెట్ కావు. పాప బరువుకి సరిపోయేది కొనండి, భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తితే చెవుల దాకా జారకూడదు. మూడు కుటుంబాలు ఉన్నప్పుడు ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు, ప్రమాదం అప్పుడే జరుగుతుంది. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక మనిషికి అదే పని అప్పగించండి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. పావుగంటకోసారి మనిషి మారాలి, మారేటప్పుడు నోటితో చెప్పి మారాలి.

ఆ పార్కులోనే డెవిల్స్ వాటర్‌హోల్ అని ఒక చోటుంది. కుర్రాళ్ళు పెద్ద రాళ్ళ మీద నుంచి నీళ్ళలోకి దూకుతూ ఉంటారు. చూసి ఆనందించండి, మీ బృందంలో ఎవరినీ దూకనివ్వకండి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్ళు వెనకే దూకొద్దు. ఒకరి వెనక ఒకరు పోయిన కుటుంబాలు ఉన్నాయి. తాడో, కూలర్ మూతో, తేలేది ఏదైనా విసిరి, 911 కి ఫోన్ చెయ్యండి. ఫోన్ సిగ్నల్ అన్ని చోట్లా అందదు కాబట్టి లోపలికి వెళ్ళగానే ఎక్కడ అందుతుందో చూసి పెట్టుకోండి. వేసవిలో వెచ్చని మంచినీటి లేకుల్లో మెదడుకి సోకే ఒక రకం అమీబా ఉంటుంది. చాలా అరుదు, కానీ సోకితే బతకడం కష్టం. అది ముక్కులోంచే వెళ్తుంది, అందుకని వేసవిలో తల మునగకుండా ఆడుకోమనండి, లేదా ముక్కుకి క్లిప్ పెట్టండి.

వర్షం విషయం కూడా చెప్పాలి. హిల్ కంట్రీ అనే ఈ కొండల ప్రాంతంలో రాతినేల మీద పడ్డ నీరు ఇంకదు, ఒక్కసారిగా వాగుల్లోకి దూకుతుంది. 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది పొంగి వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఒడ్డున క్యాంపుకి వచ్చిన పిల్లలున్నారు. ఫ్లడ్ వాచ్ (వరద రావచ్చన్న హెచ్చరిక) అని ఫోన్‌లో వస్తే ప్రయాణం మానెయ్యండి, డబ్బు పోయినా సరే. ఉరుము వినపడితే నీళ్ళలోంచి వెంటనే బయటికి రండి. టెంట్ పిడుగు నుంచి కాపాడదు, కారులోకి వెళ్ళి కూర్చోండి.

మీ స్నేహితులెవరైనా హ్యూస్టన్‌లో ఉంటే వాళ్ళకి హంట్స్‌విల్ స్టేట్ పార్కు దగ్గర, అయితే అక్కడి లేక్ రేవెన్‌లో మొసళ్ళ జాతి అలిగేటర్లు ఉన్నాయి, నీళ్ళ అంచున తిండి పారెయ్యొద్దని చెప్పండి. డల్లాస్‌వాళ్ళకి జో పూల్ లేక్ మీద సీడర్ హిల్ స్టేట్ పార్కు ఊరి పక్కనే ఉంటుంది.

మావయ్యగారికి చేపలు పట్టడం సరదా అయితే గాలం తీసుకెళ్ళండి. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి పట్టుకోడానికి లైసెన్సు అక్కర్లేదు. ఎంత పొడుగు చేప, ఎన్ని తీసుకోవచ్చు అన్న నియమాలు మాత్రం వర్తిస్తాయి, ఆఫీసులో అడిగితే చెప్తారు. ఎండ ఎక్కువైన మధ్యాహ్నం పక్కనే ఉన్న లాంగ్‌హార్న్ కావెర్న్ గుహకి వెళ్ళిరావచ్చు, పిల్లల్ని కూడా తీసుకెళ్తారు, లోపల ఏడాది పొడుగునా చల్లగా ఉంటుంది.

పక్క సైట్లవాళ్ళ గురించి ఒక మాట. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. మూడు తెలుగు కుటుంబాలు కలిస్తే కబుర్లు పన్నెండు దాకా సాగుతాయి, గొంతులు తగ్గించి చెప్పుకోండి. నీళ్ళ మీద మాట చాలా దూరం వినపడుతుంది. స్పీకర్ పాటలు పగలైనా మీ సైట్ దాటకూడదు. మందు బయటపెట్టి తాగడం టెక్సాస్ స్టేట్ పార్కుల్లో నిషిద్ధం.

క్యాంప్‌సైట్లకి చెక్-ఇన్ మధ్యాహ్నం 2 గంటలకి. ఆ వేళకే చేరుకోండి. వెలుతురు ఉండగా నేల చూసుకోవచ్చు. టెంట్ వేసే చోట ఫైర్ యాంట్స్ పుట్టలు ఉన్నాయేమో కాలితో గడ్డి కదిపి చూడండి, ఆ ఎర్రచీమలు కుడితే పొక్కులు వారం ఉంటాయి. చీకటి పడ్డాక ఎవరూ చెప్పుల్లేకుండా, టార్చ్ లేకుండా నడవొద్దు, పాములు తిరిగే ప్రాంతం. బయట విడిచిన బూట్లు పొద్దున దులిపి తొడుక్కోండి, తేళ్ళు దూరతాయి.

క్యాంప్‌సైట్ ఖాళీ చెయ్యాల్సింది మధ్యాహ్నం 12 లోపు. నిప్పుల మీద నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, అరచెయ్యి ఆనిస్తే వేడి తగలదు అన్నప్పుడే కదలండి. టెంట్ తడిగా ఉంటే అలాగే మడిచి డబ్బాలో పెట్టొద్దు, రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఇంటికి రాగానే బాల్కనీలో ఆరేసి, ఆరాక మడవండి.