హోమ్ లోన్ గురించి ఊరికే అడిగినా సిబిల్ స్కోరు తగ్గుతుందా?

వడ్డీ ఎంత, ఈఎంఐ ఎంత పడుతుందని అడిగినంత మాత్రాన తగ్గదు. మీ పాన్ నంబరుతో బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటేనే కాస్త తగ్గుతుంది.

తెప్పించుకున్న ప్రతిసారీ రిపోర్టులో ఎంక్వైరీల కింద ఒక వరుస చేరుతుంది: బ్యాంకు పేరు, తేదీ, లోను రకం, మొత్తం. మీరే వద్దనుకున్నారా, బ్యాంకే కాదందా అన్నది ఆ వరుసలో ఉండదు. అందుకే వారం పది రోజుల్లో నాలుగైదు వరుసలు కనిపిస్తే, డబ్బుకు బాగా ఇబ్బందిపడుతున్నట్టున్నారని తర్వాతి బ్యాంకు అనుమానిస్తుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది ఏజెంట్ల దగ్గరే. ఫ్లాటు చూడ్డానికి వెళ్తే సైట్ ఆఫీసులో "ఎలిజిబిలిటీ చెక్ చేస్తాం సార్" అంటూ పాన్ కాపీ, ఫోనుకొచ్చిన ఓటీపీ తీసుకుంటారు. ఆ వివరాలు ఐదు బ్యాంకులకు వెళ్తే 60 లక్షల లోనుకు ఐదు ఎంక్వైరీలు పడతాయి. మీ దృష్టిలో మీరింకా దరఖాస్తే పెట్టలేదు! వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు నోటిమాటగా కనుక్కుని, ఒకటి రెండు బ్యాంకులు తేల్చుకున్నాకే పాన్ ఇవ్వండి.

సొంత స్కోరు చూసుకున్నా తగ్గుతుందన్నది అపోహ. ఎన్నిసార్లు చూసుకున్నా లెక్కలోకి రాదు. ఈ క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే నాలుగు బ్యూరోలూ (సిబిల్ వాటిలో ఒకటి) ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి కూడా. ఇక తక్కువ రోజుల్లో పడ్డ హోమ్ లోన్ ఎంక్వైరీలన్నీ కలిపి ఒకటే అన్నది అమెరికా ఫైకో స్కోరు సంగతి, దాన్ని నమ్ముకుని ఇక్కడ ధీమాగా ఉండొద్దు. మీకు తెలియని ఎంక్వైరీ కనిపిస్తే బ్యూరోకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం రావాలి.