ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స వార్డులో) వరసగా పిల్లలకు ఇన్ఫెక్షన్ వస్తుంటే ఎలా ఆపుతారు?

మీ పాప ఉన్న వార్డులో వారంలో ముగ్గురికి సెప్సిస్ (రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్) అన్నారని, తల్లిని కూడా లోపలికి రానివ్వడం లేదని రాశారు. నేను ఒక జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో స్టాఫ్ నర్సుగా చేశాను. మా దగ్గరా అచ్చం ఇలాగే జరిగింది.

పొద్దున బాగా పాలు తాగిన పాపకు సాయంత్రానికి ఒళ్లు చల్లబడి, పొట్ట ఉబ్బింది. నాలుగు రోజుల్లో ఇంకో ఇద్దరు. ముగ్గురి బ్లడ్ కల్చర్‌లోనూ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియానే. ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అన్న జాబితా కూడా ఒకటే. అంటే ఎవరి ఇంటి నుంచో వచ్చింది కాదు, వార్డులోనే తిరుగుతోంది.

మావాళ్లు కూడా ముందు తల్లులనే బయటికి పంపారు. అది తప్పని నాకు అప్పుడే అనిపించింది. వార్మర్‌కు (పిల్లలను వెచ్చగా ఉంచే పడక) ఇద్దరేసి పిల్లలు, రాత్రిపూట మొత్తం వార్డుకు ఇద్దరం నర్సులం. ఒకరి డైపర్ మార్చిన చేత్తో పక్క బిడ్డ కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే గొట్టం) పట్టుకున్నది మేమే కదా!

మైక్రోబయాలజీ మేడమ్ వచ్చి సింకు, సక్షన్ ట్యూబులు, హ్యూమిడిఫైయర్ బాటిళ్లు అన్నీ చూశారు. చివరికి ట్రాలీ మీదున్న డెక్స్‌ట్రోజ్ బాటిల్ దగ్గర ఆగారు. మూతకు గుచ్చిన సూది అలాగే ఉంది. పొద్దుటి నుంచి పిల్లలందరికీ అందులోంచే సిరంజీల్లోకి లాగుతున్నాం. క్లెబ్సియెల్లా ఆ చక్కెర నీళ్లలో హాయిగా పెరుగుతుందని ఆవిడ చెబితే మాకు నోట మాట రాలేదు. ఆ బాటిల్ కల్చర్‌లోనూ అదే క్రిమి వచ్చింది.

ఆ రోజు నుంచి బిడ్డకొక బాటిల్, మిగిలింది పారబోయడమే. జబ్బుపడ్డ పిల్లలను ఒక పక్కకు చేర్చి వాళ్లకు వేరే నర్సును, వేరే స్టెతస్కోపును పెట్టారు. కొన్నాళ్లు కొత్త అడ్మిషన్లు ఆపి, వార్మర్‌కు ఒక్కరినే ఉంచారు. ప్రతి వార్మర్‌కూ హ్యాండ్‌రబ్ (చేతులకు రుద్దుకునే క్రిమిసంహారక ద్రవం) తగిలించారు. 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి, ఊరికే తడి చేసుకుంటే చాలదు. తల్లులను మళ్లీ రానిచ్చారు. భారత్ సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే కంగారూ కేర్ (బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచడం) మొదలుపెట్టిన తక్కువ బరువు పిల్లల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. తర్వాత మాకు కొత్త కేసు రాలేదు. కానీ ఆ ముగ్గురిలో ఒక బాబు దక్కలేదు.

మీరు డాక్టరు గారిని మూడు అడగండి: కల్చర్‌లో ఏం వచ్చింది, పాప వార్మర్‌లో ఒక్కతే ఉందా, అమ్మ చేతులు కడుక్కుని ఎప్పుడు లోపలికి రావచ్చు. గొడవగా కాదు, మామూలుగానే అడగండి. పిండిన తల్లిపాలు మాత్రం ఇవాళ్టి నుంచే లోపలికి పంపుతానని చెప్పండి.