శబ్దం చదువు మా అమ్మాయికి అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి. శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి ఎలా పసిగడుతుంది, గోలలో ఒక్క గొంతునే ఎలా పట్టుకుంటుంది అన్నదే లోకంగా ఉంటోంది. వినికిడి పరీక్షల చదువైన ఆడియాలజీ మేలా, శబ్దాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే సిగ్నల్ ప్రాసెసింగా? అందరూ ఏఐ కోర్సులో చేర్పించమంటున్నారు. – ఒక తండ్రి

జవాబు: కంగారు పడకండి. పిల్ల నలుగురూ వెళ్ళే దారి వదిలేస్తే వెనకబడుతుందేమోనన్నదే మీ అసలు దిగులు. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఉండేది గణితం, ఫిజిక్స్, ప్రోగ్రామింగే. రేపు మనసు మారినా అవి చేతిలోనే ఉంటాయి.

ఏఐ కోర్సుల మీదే నాకు అనుమానాలు. కలిసిపోయిన గొంతుల్ని విడదీసే ఏఐ మోడళ్ళు (శిక్షణతో నేర్చుకునే ప్రోగ్రాములు) బాగానే పనిచేస్తున్నాయి, కాదనను. కానీ చాలాచోట్ల నేర్పేది ఎవరో తయారుచేసిన మోడల్‌ని నడపడమే. విడివిడి రికార్డింగులను కంప్యూటర్లో కలిపి శిక్షణ ఇచ్చిన మోడల్, ప్రతిధ్వని ఉన్న గదిలోకి రాగానే తడబడుతుంది. ఎందుకో చెప్పాలంటే ధ్వని సంగతి తెలియాలి. తక్కువ ఫ్రీక్వెన్సీలో రెండు చెవుల మధ్య కాలభేదం, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో తల అడ్డుపడటం వల్ల వచ్చే తీవ్రతాభేదం దిక్కు చెబుతాయని భౌతిక శాస్త్రవేత్త రేలీ 1907లోనే వివరించాడు. ఆ కాలభేదం ఎంతో తెలుసా? శబ్దం పూర్తిగా పక్కనుంచి వచ్చినా మిల్లీసెకనులో మూడింట రెండు వంతులే.

కటువుగా ఒక మాట. అందరూ ఏమంటున్నారో రాశారు. అమ్మాయిని కూర్చోబెట్టి అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. చదవాల్సింది ఆ అందరూ కాదు కదా!

మనుషులతో ఓపిగ్గా కూర్చుని వినికిడి పరీక్షలు చేయడం, హియరింగ్ ఎయిడ్ అమర్చడం నచ్చితే ఆడియాలజీ. కోడ్, గణితం నచ్చితే రెండోది. హియరింగ్ ఎయిడ్ తయారీకి ఇద్దరూ కావాలి.

తేల్చుకోలేకపోతే ఈ పని చేయనివ్వండి. ఒకే రకం మైకులు రెండు, 17 సెంటీమీటర్ల ఎడంతో, ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌కి పంపే పెట్టెకి) కలపాలి. విడివిడి యూఎస్‌బీ మైకులైతే వాటి లోపలి గడియారాలు కలవక, లెక్కలో తేలే శబ్దపు కోణం జారిపోతూ ఉంటుంది. గోలను తగ్గించే నాయిస్ సప్రెషన్ ఆపేసి, 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ళ (కొలతల) చొప్పున, వేవ్ ఫైలుగా రికార్డు చేయాలి. మైకులు గోడకు దూరంగా ఉండాలి, లేకపోతే ప్రతిధ్వని వల్ల తర్వాతి లెక్కలో దొంగ శిఖరాలు వస్తాయి. రెండు మీటర్ల దూరంలో, ఎదుటి దిక్కుకి 30 డిగ్రీలు పక్కన చప్పట్లు కొట్టి క్రాస్ కోరిలేషన్ (ఒక రికార్డింగును ఎంత జరిపితే రెండోదానితో బాగా కలుస్తుందో చూసే లెక్క) తీస్తే, 12 శాంపిళ్ళ దగ్గర శిఖరం కనిపిస్తుంది. అంటే పావు మిల్లీసెకను. అదే చప్పట్లు వెనకవైపు 150 డిగ్రీల దగ్గర కొట్టినా వచ్చేది మళ్ళీ 12. ముందో వెనకో ఆ అంకె చెప్పదు. మన చెవి డొప్ప ఆకారంతోనూ, తల తిప్పడంతోనూ తేల్చుకుంటుంది. ఎవరూ చెప్పకుండానే అమ్మాయి మైకుల జంటను కాస్త తిప్పి మళ్ళీ కొలిచిందా, ఇక సిగ్నల్ ప్రాసెసింగ్ దరఖాస్తు నింపేయండి.