పరాయివాడికి కుర్చీ వెయ్యని దేశం: ఒక యువ రచయితకు లేఖ

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, చదివాను. విదేశీ పరిశోధకులను అడ్డుకుంటే చివరికి ఆ దేశపు సైన్సే దెబ్బతింటుందని నువ్వన్న మాట నిజం. ఆ మాట గట్టిగా చెప్పాలన్న నీ తపన కూడా నాకు నచ్చింది. కానీ చదివి పక్కన పెట్టాక నాకు గుర్తుండిపోయింది అమీర్‌పేట. 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టడం, మన ఇళ్లలో ఫోన్లు మోగడం, తల్లిదండ్రులు తెచ్చిన అప్పుల లెక్కలు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. మన ఇళ్ల గొడవ కాబట్టి కలం అటే లాగుతుంది. అయితే అది మనం పోగొట్టుకున్నదాని కథ. ఆంక్ష పెట్టిన దేశం ఏం పోగొట్టుకుంటుందో చెప్తానని మొదలుపెట్టి, మూడో పేరాకే ఆ సంగతి వదిలేశావు.

ఎందుకు వదిలేశావో నాకు తెలుసు. రాని మనిషి గురించి రాయడం కష్టం. వచ్చినవాడి పేరు జీతాల పట్టీలో ఉంటుంది, పరిశోధనా పత్రాల మీద ఉంటుంది. రానివాడి పేరు ఎక్కడా ఉండదు. అతను చెయ్యని ప్రయోగానికి ఫలితం లేదు, చెప్పని పాఠానికి శిష్యుల్లేరు. ఆంక్ష పెట్టిన ఏడాది ప్రయోగశాలలు ఎప్పట్లాగే నడుస్తాయి. పత్రాలు అచ్చవుతూనే ఉంటాయి. నోబెల్ బహుమతులు కూడా వస్తాయి, అవి ఎప్పుడో చేసిన పనికి ఇచ్చేవి కనుక. ఏలినవాళ్లు వాటిని చూపించి ‘చూశారా, ఏమీ కాలేదు’ అంటారు. దానికి జవాబు చెప్పాలంటే అంకెలు ఒక్కటే చాలవు. ఒక చోట ఉండబోయి, ఉండనివ్వక, మరో చోటికి వెళ్లిన మనిషిని పట్టుకో. రెండు చోట్లా ఆనవాళ్లు దొరుకుతాయి. అప్పుడు నష్టం కంటికి కనబడుతుంది.

అలాంటి మనిషి జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్. కథ మన పొరుగునే, బెంగళూరులో నడిచింది కాబట్టి నీకు మరీ పనికొస్తుంది. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర హైసెన్‌బర్గ్ సహాయకుడిగా పనిచేశాడు, ఓపెన్‌హైమర్ డాక్టరేట్ చేశాడు. 1920లలో క్వాంటం యాంత్రిక శాస్త్రం రూపు కట్టిన ఊళ్లలో అది ముఖ్యమైనది. 1933 ఏప్రిల్ 7న నాజీ ప్రభుత్వం తెచ్చిన చట్టం యూదులను ప్రభుత్వ కొలువుల్లోంచి తొలగించింది. ఆ నెలలోనే బోర్న్‌ను పక్కన పెట్టారు. ఆయనతో పాటు అక్కడ పనిచేసిన జేమ్స్ ఫ్రాంక్, ఎమ్మీ నోథర్, రిచర్డ్ కూరాంట్ కూడా గోటింగెన్ విడిచిపోయారు. ఇక్కడ నువ్వు ఒక సంగతి దాటెయ్యకుండా రాయాలి. వీళ్లెవరూ విదేశీయులు కారు. సొంత పౌరుల మీదే పరాయి ముద్ర వేసింది ఆ దేశం.

బోర్న్ మొదట కేంబ్రిడ్జిలో తలదాచుకున్నారు. అప్పుడు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు సి.వి.రామన్ డైరెక్టరు. భౌతికశాస్త్ర విభాగాన్ని కొత్తగా నిలబెడుతున్న రోజులవి. కొలువులు పోయిన యూరప్ పండితుల్లో ఒకరిద్దరు ఇక్కడ స్థిరపడితే ఈ దేశంలో ఆ శాస్త్రం దశ తిరుగుతుందని రామన్ ఆశ. 1935లో బోర్న్‌ను ఆరు నెలలకు పిలిపించారు. ఆయన భార్య హెడ్విగ్‌తో కలిసి వచ్చారు. తర్వాత, శాశ్వతంగా ఆచార్య పదవి ఇవ్వాలని రామన్ అధ్యాపకుల సమావేశంలో ప్రతిపాదించి, బోర్న్ గొప్పతనాన్ని మెచ్చుకుంటూ మాట్లాడారు. అప్పుడు ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్ లేచాడు. సొంత దేశమే తరిమేసిన రెండో తరగతి విదేశీయుడు మనకెందుకన్నాడు. బోర్న్ ఆ గదిలోనే కూర్చుని ఉన్నారు. బోర్న్ దంపతులు అంతకుముందు ఆ ప్రొఫెసర్ దంపతులను ఆదరించినవాళ్లే. ఇంటికెళ్లి భార్య ముందు ఏడ్చేశానని బోర్న్ తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఈ సంఘటన రాసేటప్పుడు తొందరపడకు. వలసపాలనలో ఉన్న ఊళ్లో, ఇంగ్లండు నుంచి వచ్చినవాడు జర్మనీ నుంచి వచ్చినవాణ్ని పరాయివాడన్నాడు. చట్టం లేదు, వీసా తిరస్కరణ లేదు, పోలీసు లేడు. ఒక సమావేశంలో ఒక మాట. నీ వ్యాసంలో ఆంక్ష అంటే ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు అని మాత్రమే ఉంది. విశ్వవిద్యాలయం లోపలి అసూయ, మనవాడు కాదన్న చిన్నచూపు, ఖాళీగా ఉన్న పోస్టును ఖాళీగానే ఉంచడం, ఇవి కూడా ఆంక్షలే. ఉత్తర్వును కోర్టులో సవాలు చెయ్యొచ్చు. వీటిని ఎక్కడ సవాలు చేస్తావు?

1936లో ఎడిన్‌బరో బోర్న్‌ను పిలిచి ఆచార్య పదవి ఇచ్చింది. 1953 దాకా అక్కడే ఉన్నారు. పెంగ్ హువాన్‌వూ లాంటి చైనా యువకులు ఆయన దగ్గర చదువుకుని తమ దేశానికి తిరిగి వెళ్లి, అక్కడి భౌతికశాస్త్రానికి పునాదులు వేశారు.

బోర్న్ ఉండిపోతే భారతదేశానికి ఇంకో నోబెల్ వచ్చేదని మాత్రం రాయకు. 1954లో ఆయనకిచ్చిన బహుమతి 1926 నాటి పనికి. అసలు నష్టం వేరే చోట ఉంది. 1940లలో స్ఫటికాల్లోని పరమాణువుల కంపనాల మీద రామన్‌కూ బోర్న్‌కూ పెద్ద వివాదం నడిచింది. బోర్న్ సిద్ధాంతం తప్పని రామన్ పట్టుబట్టారు. కాలం బోర్న్ పక్షాన నిలిచింది. ఆ వాదమంతా సముద్రాల అవతలి నుంచి పత్రికల్లో జరిగింది, జరిగేకొద్దీ కరుకెక్కింది. ఇక్కడి శిష్యులు ఒక పక్షాన్నే దగ్గరగా విన్నారు. అదే వాదం ఒకే నల్లబల్ల ముందు, ఇద్దరూ చేతిలో సుద్దముక్కతో, కుర్రాళ్లు వింటూ ఉండగా జరిగి ఉంటే! 1930ల చివర్లో వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, సూరి భగవంతం, వెంకటరాయుడు స్ఫటికాల కంపనాలనే గ్రూప్ సిద్ధాంతంతో, అంటే సౌష్ఠవాల గణితంతో, లెక్కగడుతున్నారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భగవంతం రామన్ శిష్యుడు. బెంగళూరు ఆయనకు రైలు దూరం. ఎడిన్‌బరో ఓడ దూరం. ఒక దేశపు సైన్సు స్థాయి అంటే నాకు తోచేది ఇది: అక్కడి పెద్దవాణ్ని అతని ఎదుటే కాదనగలిగినవాడు పక్క గదిలో ఉండటం. పరాయివాడు ఆ పని బాగా చెయ్యగలడు. ఇక్కడి గురుశిష్య బంధాలు, కులాలు, మొహమాటాలు అతన్ని కట్టెయ్యవు కనుక.

ఇప్పుడు నీ వ్యాసం తప్పించుకు తిరిగిన ప్రశ్నకు వద్దాం. భద్రత మాటేమిటి? బోర్న్ దగ్గర ఎడిన్‌బరోలో పనిచేసిన క్లౌస్ ఫుక్స్ కూడా జర్మనీ నుంచి పారిపోయి వచ్చినవాడే. తర్వాత అణుబాంబు పనిలో చేరి, ఆ రహస్యాలను సోవియట్లకు చేరవేశాడు. 1950లో ఒప్పుకున్నాడు, పద్నాలుగేళ్ల శిక్ష పడింది. ఈ సంగతి నీ అంతట నువ్వే చెప్పు. ఎదుటివాడు ఎత్తిచూపేదాకా ఆగితే నీ మాటకు విలువ పోతుంది. చెప్పాక రెండో సగం కూడా చెప్పు. బాంబు సాధ్యమేనని 1940 మార్చిలో బ్రిటన్‌కు లెక్క కట్టి చూపించిన ఫ్రిష్, పైర్ల్స్ ఇద్దరూ అలా వచ్చినవాళ్లే. శత్రుదేశం నుంచి వచ్చారన్న అనుమానంతో వాళ్లను రాడార్ పనికి దూరం పెట్టారు, అందుకే యురేనియం మీద ఆలోచించే తీరిక దొరికింది. అదే ఏడాది మాక్స్ పెరుట్జ్‌ను నిర్బంధ శిబిరంలో పెట్టి కెనడాకు తరలించారు. తర్వాత ఆయన కేంబ్రిడ్జికి తిరిగొచ్చి, హిమోగ్లోబిన్ నిర్మాణం ఛేదించి, 1962లో నోబెల్ అందుకున్నారు. ఫుక్స్ ఒక్కడి కోసం అందరినీ ఆపితే బ్రిటన్ ఏం మిగుల్చుకునేది?

ఫుక్స్‌కు శిక్ష పడిన ఏడాదే అమెరికాలో, చైనా నుంచి వచ్చిన రాకెట్ శాస్త్రవేత్త చియాన్ షుయెసెన్ మీద అనుమానం పడింది. కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ మొదలుపెట్టిన వాళ్లలో ఆయనొకరు. యుద్ధం ముగిసే రోజుల్లో అమెరికా సైన్యం ఆయనకు కల్నల్ హోదా ఇచ్చి, జర్మన్ రాకెట్ నిపుణులను ప్రశ్నించడానికి పంపింది. కమ్యూనిస్టు అన్న ఆరోపణతో 1950లో రహస్య పరిశోధనల అనుమతి తీసేశారు, నిర్బంధించారు, ఐదేళ్లు కదలనివ్వలేదు. 1955లో చైనాకు పంపేశారు. చైనా క్షిపణి, అంతరిక్ష కార్యక్రమాలకు ఆయనే పెద్దదిక్కయ్యారు. 1970 ఏప్రిల్‌లో చైనా తన మొదటి ఉపగ్రహాన్ని పంపింది. అమెరికా నౌకాదళ ఉపకార్యదర్శిగా ఉన్న డాన్ కింబల్, చియాన్‌ను అలా పంపెయ్యడం ఈ దేశం చేసిన అన్నిటికన్నా తెలివితక్కువ పని అన్నాడు. 1954లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త పాల్ డిరాక్‌కు కూడా అమెరికా వీసా నిరాకరించింది. ప్రిన్స్‌టన్‌లో ఉండాల్సిన మనిషి బొంబాయి వచ్చి, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఉపన్యాసాలిచ్చారు. ఎవరో పోగొట్టుకున్నది మనకు దొరికిన సందర్భం ఇది. మన పాఠకుడికి తప్పక చెప్పు.

2018 నుంచి 2022 దాకా పరిశోధనా రహస్యాలు చైనాకు చేరుతున్నాయన్న అనుమానంతో అమెరికా న్యాయశాఖ నడిపిన ‘చైనా ఇనిషియేటివ్’ గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. కనీసం ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్ కేసు చదువు. ఆయన అమెరికా పౌరుడే. 2021 జనవరిలో అరెస్టు చేశారు, ఏడాది తిరిగేసరికి ఆరోపణలు ఎత్తేశారు. ఆ ఏడాదంతా ఆయన ప్రయోగశాల ఏమైందో, అది చూసిన పక్క ప్రయోగశాల వాళ్లు ఏం నిర్ణయించుకున్నారో, అదీ నీ విషయం.

అంకెల గురించి ఒక మాట. 2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని, ఆ ఏడాది చైనాను దాటామని గర్వంగా రాశావు. సరైన అంకే. కానీ దాన్ని సైన్సుకు కొలబద్దగా వాడకు. అందులో చాలామంది ఫీజు కట్టి ఎం.ఎస్. చేసి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు. వాళ్లు రాకపోతే విశ్వవిద్యాలయం ఖజానాకు గండి పడుతుంది. ప్రయోగశాలకు గండి పడేది పీహెచ్‌డీ విద్యార్థి, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధనకు వచ్చేవాడు) రానప్పుడు. ఈ రెండిటినీ విడదియ్యి.

మనవాళ్ల కథే కావాలంటే ఎల్లాప్రగడ సుబ్బారావును తీసుకో. భీమవరంలో పుట్టి 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. భారతీయులు అమెరికా పౌరులు కాలేరని అక్కడి సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే స్థితి. హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తకాన్సర్ పిల్లలకు మొదటిసారి ఉపశమనం చూపించాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునేవాళ్లు నీ వీధిలోనే ఉంటారు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే. 1948లో పౌరసత్వం లేకుండానే పోయారాయన. అమెరికా ఆయనకు కాగితం ఇవ్వలేదు, గౌరవమూ పూర్తిగా ఇవ్వలేదు. పని చేసుకునే బల్ల మాత్రం ఇచ్చింది. ఆ మాత్రానికే అంత లాభపడింది.

ఇక చివరగా, మన దేశాన్ని వదిలెయ్యకు. వేరే దేశం తప్పు రాయడానికి ధైర్యం అక్కర్లేదు. 1957లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ బ్రిటన్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు, తర్వాత ఈ దేశ పౌరుడయ్యారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడు. అత్తాకోడలు పొదల మీద ఏ రంగు పువ్వుకు ఏ సీతాకోకచిలుక వాలుతోందో గమనించి రాసిన పత్రం 1960లో నేచర్ పత్రికలో వచ్చింది. ఖరీదైన యంత్రం లేదు. దేన్ని గమనించాలో చెప్పే గురువు పక్కన ఉన్నాడు, అంతే. మరి ఇప్పుడు? 2025 అక్టోబర్‌లో హిందీ సాహిత్య చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన ఫ్రాంచెస్కా ఓర్సీనిని ఢిల్లీ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారు. వీసా నిబంధనలు అతిక్రమించారని ప్రభుత్వ వర్గాలు చెప్పాయి. ఆమెది సైన్సు కాదు కదా అని పక్కన పెట్టకు. మన గురించి లోకానికి తెలిసేది ఇలాంటి పండితుల వల్ల కూడా.

కాబట్టి అమీర్‌పేట పేరాలు తీసి వేరే వ్యాసానికి దాచుకో. బోర్న్‌తో మొదలుపెట్టు. ఆ తర్వాత హైదరాబాద్‌లోనే ఏదైనా పరిశోధనా సంస్థకు వెళ్లు. బయటి దేశం నుంచి ఒక పరిశోధకుడు ఏడాదిపాటు వచ్చి పనిచెయ్యాలంటే ఎన్ని కాగితాలు, ఎవరెవరి సంతకాలు, ఎన్ని నెలలు పడుతుందో డైరెక్టర్‌ను కాకుండా ఆ ఫైలు నడిపే గుమాస్తాను అడుగు. ఆఖరిసారి అలా వచ్చిన మనిషి ఎవరో, ఎప్పుడొచ్చాడో, వస్తానని రాసి రానివాళ్లు ఎవరో కూడా అడుగు. అతను చెప్పింది చెప్పినట్టు రాసుకో. తిరగరాసి సంక్రాంతిలోగా పంపు, పండగ సెలవుల్లో కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు