ఎవరి చెయ్యి ఏం చేసింది?

హన్మకొండ
జూన్ 2021

తమ్మీ,

నీ వ్యాసం అందింది. బ్లాక్ కీస్ అనే ఇద్దరి అమెరికా రాక్ జట్టు కొత్త ఆల్బమ్ 'డెల్టా క్రీమ్' మీద నీకున్న ప్రేమ ప్రతి పేజీలో తెలుస్తోంది. అది మంచిదే. కానీ మొదటి పేజీలోనే "ఇద్దరంటే ఇద్దరే, అయినా ఇరవై మంది వాయించినట్టుంది" అని రాశావు. అక్కడ నాకు కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇద్దరు కాదు తమ్మీ. డాన్ ఔర్‌బాక్ గిటారు వాయిస్తూ పాడతాడు, పాట్రిక్ కార్నీ డ్రమ్స్ కొడతాడు. అంతవరకు నీ లెక్క సరే. కానీ ఈ ఆల్బమ్‌లో స్లైడ్ గిటారు వాయించింది కెన్నీ బ్రౌన్. బేస్ గిటారు ఎరిక్ డీటన్. వాళ్ళ పేర్లు నీ వ్యాసంలో ఎక్కడా లేవు. పైగా మొత్తం 11 పాటల్లో ఒక్కటి కూడా ఈ జట్టు సొంతంగా కట్టింది కాదు. ఎక్కువ భాగం జూనియర్ కింబ్రో, ఆర్.ఎల్. బర్న్‌సైడ్ పాడిన పాటలు. ఇద్దరూ ఉత్తర మిసిసిపీ గుట్టల ప్రాంతపు నల్లజాతి గాయకులు. వాళ్ళ పేర్లూ లేవు. "మట్టి వాసన నిండిన సంగీతం" అనే మాట మాత్రం ఉంది, అదీ పదే పదే. ఏ మట్టి? నల్లరేగడా, చెలకా? సంగీతం మీద రాసే ప్రతివాడూ ఈ మట్టి వాసన అనే మాట పట్టుకుని తిరుగుతున్నాడు. పత్రికలవాళ్ళు కూడా దాన్నే హెడ్డింగు పెడతారు. ఆ మట్టిలో పనిచేసిన మనిషి పేరు అడిగితే మాత్రం వాళ్ళ దగ్గర జాగా ఉండదు.

బర్న్‌సైడ్ ఎవరో తెలుసా? ఇతరుల పొలాలు పాలుకు చేసినవాడు. మిసిసిపీలో పాలుకు చేయడమంటే ఎక్కువగా పత్తి. మన వరంగల్ జిల్లాలో పత్తి అంటే ఏమిటో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. కింబ్రో మిసిసిపీలోనే చులహోమా అనే ఊరి దగ్గర సొంతంగా ఒక జ్యూక్ జాయింట్, అంటే పాటలు, తాగుడు ఉండే అడ్డా, నడిపాడు. ఆదివారం రాత్రి జనం వచ్చి తాగి, ఆడి, పొద్దుపోయేదాకా ఉండేవాళ్ళు. ఆయన పాటల్లో రాగం పెద్దగా మారదు. గిటారు ఒకే వరస పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరగడంలోనే మనిషికి పూనకం వస్తుంది. పేరు తెచ్చిన మొదటి ఆల్బమ్ 1992లో వచ్చేనాటికి ఆయనకు అరవై దాటాయి. 1998లో పోయాడు. 2000లో ఆ జాయింట్ కూడా కాలిపోయింది. కెన్నీ బ్రౌన్ చాలా ఏళ్ళు బర్న్‌సైడ్ పక్కన కూర్చుని వాయించాడు. తెల్లవాడైనా నా పెంపుడు కొడుకని బర్న్‌సైడ్ చెప్పుకునేవాడు. డీటన్ కింబ్రో దగ్గర బేస్ వాయించినవాడు. అంటే ఆ పాటలు పుట్టిన చోట వాయించిన చేతులే వచ్చి ఈ ఆల్బమ్‌లో వాయించాయి. ఇంత విషయం చేతిలో ఉండగా నువ్వు "అద్భుతం", "ఆత్మను తాకింది" అని పేజీలు నింపావు.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన చోటు ఒకటుంది. అది మూడో పేజీ మధ్యలో, ఎవరికీ కనిపించకుండా ఉంది. యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో పోసి, కాంటా కోసం ఎదురుచూస్తూ, రాత్రి వాన పడుతుందేమోనని కుప్ప మీద పట్టా కప్పి కావలి పడుకున్నానని రాశావు. నీ ఇయర్‌ఫోన్‌లో ఒక చెవిది పనిచేయదు కాబట్టి ఒకవైపే విన్నానన్నావు. రెండో రాత్రి ఎవరో దోస్తు తన ఇయర్‌ఫోన్ ఇస్తే, "అరె, ఇంకో గిటారు ఉంది!" అని లేచి కూర్చున్నానన్నావు. ఆ తర్వాత? ఆ తర్వాత ఏమీ లేదు. వెంటనే "నేటి యువత సంగీత అభిరుచి" అని పేరా మార్చావు. తమ్మీ, నీ వ్యాసం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఆ ఇంకో గిటారే కెన్నీ బ్రౌన్. నీ చెవి ఆయన్ను పట్టుకుంది. నువ్వు మాత్రం ఆయన పేరు అడగకుండా ముందుకు పోయావు.

ఎవరి చెయ్యి ఏం చేసిందో రాయి. నేను ఇన్నేళ్ళు రాసి నమ్మింది ఇదొక్కటే, దీన్ని ఎవరు కాదన్నా వినను. నీ మనసులో ఏం కలిగిందో పాఠకుడు తానే పట్టుకుంటాడు. కుండ మీద రాసినా, చీర మీద రాసినా, ఈ అమెరికా గిటారు మీద రాసినా ముందు చేతులు లెక్కపెట్టు, తర్వాత పేర్లు అడుగు.

ఈ పట్టుదల నాకు ఎక్కడిదో చెప్తాను. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ చెప్పే బృందం మీద ఒక వారపత్రికకు వ్యాసం రాశాను. రాత్రంతా వాళ్ళతోనే ఉన్నాను. కథ చెప్పే ఆయన పేరుతో పాటు డోలు వాయించేవాళ్ళ పేర్లు, తాళం వేసే ఆయన పేరు, వంత పాడే పిల్లవాడి పేరు, అందరి ఊర్లు రాశాను. డోలు ఎట్లా బిగిస్తారు, ఏ ఘట్టంలో దెబ్బ మారుతుంది, కథకుడికి గొంతు పట్టేస్తే డోలు ఆయన కథను ఎట్లా నిలబెడతాడు, అన్నీ రాశాను. అచ్చయి వచ్చింది చూస్తే కథకుడి పేరు ఒక్కటే మిగిలింది. మిగతా అందరూ కలిసి "ఆయన బృందం" అయ్యారు. డోలు గురించి రాసిన పేరా మొత్తం పోయింది. దాని స్థానంలో "మన జానపద కళలు అంతరించిపోతున్నాయి" అని నేను రాయని వాక్యం వచ్చి చేరింది. ఎడిటర్‌ను అడిగితే, వాద్యగాళ్ళ పేర్లు పాఠకుడికి ఎందుకండీ అన్నాడు.

కొన్నాళ్ళకు ఆ డోలు ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో ఆ పత్రిక. చదువు రాదు, ఎవరితోనో చదివించుకున్నాడట. "సారూ, రాత్రంతా మా కాడ కూసున్నవు, నా పేరెందుకు రాయలే?" అన్నాడు. నేను లోపలికి పోయి నా కార్బన్ కాపీ తెచ్చి చూపించాను. తన పేరున్న చోట వేలు పెట్టించుకుని, మళ్ళీ చదవమన్నాడు. చదివాను. తన ఊరి పేరు కూడా చదవమన్నాడు. అదీ చదివాను. ఆ కాగితం ఇస్తారా అని అడిగితే ఇచ్చేశాను.

ఆ తర్వాత ఎడిటర్‌కు గట్టి ఉత్తరం రాశాను. చాలా కాలం నా రచన ఏదీ ఆ పత్రికలో రాలేదు. అప్పు చేసి స్టేషన్ రోడ్డులో ఒక చిన్న ప్రెస్సులో నా వ్యాసాలు నేనే అచ్చువేయించుకున్నాను. ఇప్పటికీ అట్లాంటివాళ్ళు ఎడిటర్ కుర్చీల్లో ఉన్నారు. ఇప్పుడు కొత్తగా స్టార్లు ఇచ్చే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. నీ వ్యాసం చివర నువ్వూ అయిదుకు నాలుగున్నర వేశావు. తీసెయ్.

ఇంకో సంగతి. వీళ్ళు వాయించే గ్యారేజ్ రాక్ అంటే ఏమీ నేర్చుకోకుండా, కారు షెడ్డులో కుర్రాళ్ళు ఆవేశంతో వాయించేదని రాశావు. ఈ ఆల్బమ్‌ను నాష్‌విల్‌లో రెండు మధ్యాహ్నాల్లో, సుమారు పది గంటల్లో రికార్డు చేశారని కూడా రాసి, దాన్నొక మహిమలాగా చూపించావు. మహిమ కాదు. వీళ్ళ మొదటి ఆల్బమ్ 2002లో వచ్చింది, కార్నీ ఇంటి కింది గదిలో రికార్డు చేసుకున్నది. అందులోనే కింబ్రో పాట ఒకటుంది. అదే పాట ఈ 2021 ఆల్బమ్‌లో మళ్ళీ ఉంది. మధ్యలో 2006లో కింబ్రో పాటలతోనే ఒక చిన్న రికార్డు చేశారు. దాదాపు ఇరవై ఏళ్ళుగా ఇట్లాంటి పాటలు వాళ్ళ వెంటే ఉన్నాయి కాబట్టి పది గంటలు సరిపోయాయి. ఆ ఇరవై ఏళ్ళు నీ వ్యాసంలో ఉండాలి.

వాళ్ళ ఊరు ఒహాయోలోని అక్రన్ గురించి నువ్వు రాయలేదు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్ అన్నీ అక్కడివే, టైర్ల ఊరు. ఫ్యాక్టరీలు మూతపడ్డాక 2004లో ఈ ఇద్దరూ ఒక పాత టైర్ల ఫ్యాక్టరీలో సామాను పెట్టుకుని ఆల్బమ్ చేసి, దానికి 'రబ్బర్ ఫ్యాక్టరీ' అనే పేరే పెట్టారు. మా నాయన ఆజంజాహి మిల్లులో నూలు వడికే మిషన్ల దగ్గర పనిచేశాడు. మిల్లు సైరన్‌తోనే మా వాడ లేచేది. అందుకే నేను ఆ ఆల్బమ్ విన్నప్పుడు ముందు గిటారు వినలేదు. ఆ హాల్లో అంతకుముందు నిలబడి టైర్లు చేసినవాళ్ళు ఎవరో అని ఆలోచించాను. నువ్వు మిల్లు చూడలేదు, కూల్చేసిన జాగానే చూసి ఉంటావు. కానీ మీ ఇంట్లోనో, మీ వాడలోనో మిల్లులో చేసినవాళ్ళు ఉంటారు, అడుగు. అక్రన్ గురించి రాయడానికి అది పనికొస్తుంది.

ఇంగ్లిష్ పాటల మీద తెలుగులో రాస్తే ఎవరు చదువుతారని అడిగావు. చదువుతారు. మా రోజుల్లో ఆర్‌ఈసీ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్‌లో వేరే రాష్ట్రాల పోరగాళ్ళ దగ్గర క్యాసెట్లు తెచ్చుకుని, హన్మకొండ చౌరస్తాలో ఖాళీ క్యాసెట్ల మీదికి ఎక్కించుకునేవాళ్ళం. ఒక్క మాట అర్థమయ్యేది కాదు. ఎవరైనా తెలుగులో చెప్తే బాగుండని ఎంత మొత్తుకున్నామో. అప్పుడు మాకు దొరకని మనిషివి నువ్వు కావచ్చు. అందుకే నీ మీద ఇంత కోపం. ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అనే సంగతులు తర్వాత చూద్దాం.

వ్యాసం తిరగరాయి. ఐకేపీ సెంటర్‌తో మొదలుపెట్టు. స్లైడ్ అంటే వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చడమని ఒక్క ముక్కలో చెప్పు, మీ ఊళ్ళో అందరికీ తెలియాలని లేదు. ఆ జార్చే శబ్దం మొదటి పాటలో ఎక్కడ వస్తుందో, కార్నీ డ్రమ్ము దానికి ముందుంటుందా వెనకుంటుందా విని రాయి. "నేటి యువత" పేరా మొత్తం కొట్టెయ్. ఇయర్‌ఫోన్ ఇచ్చిన దోస్తు పేరు, వాళ్ళ కుప్ప ఎక్కడుందో కూడా రాయి.

కాగితం మీదే పంపు, ఫోన్‌లో చదవడం నాకు కష్టం. వడ్లు కాంటా అయినయా, పైసలు పడ్డయా, అది కూడా రాయి.

ఉంటాను.