చెంప మీద ఇనుప ముల్లు

తమ్ముడూ,

‘టెట్సువో: ది ఐరన్ మ్యాన్’ అనే జపాన్ సినిమా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే ‘యంత్ర నాగరికత మనిషిని మింగేస్తోంది’ అని తేల్చేశావు. సినిమా చూడనివాడికి ఆ మాటలో ఏమీ కనపడదు. చూసినవాడికి కొత్తగా తెలిసేదీ లేదు.

ముందు ఆ చెంప దగ్గరికి వెళ్ళు. ఒక మామూలు ఉద్యోగి గడ్డం గీసుకుంటుంటే చెంప మీద సన్నటి ఇనుప ముల్లు కనిపిస్తుంది. తాకితే రక్తం చిమ్ముతుంది. దాని మీద పట్టీ అంటించుకుని బయటికి వెళ్తాడు, మొటిమ గిల్లుకున్నవాడిలా! భయమంతా ఆ పట్టీలోనే ఉంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. కనీసం ఒక పేరా దానికివ్వు.

క్రియల విషయంలో జాగ్రత్త. ‘గుచ్చుకుంది’ అంటే బయటి నుంచి వచ్చినట్టు. ఇక్కడ ఇనుము ‘మొలిచింది’. సినిమా మొదట్లో తొడ కోసుకుని లోహపు కడ్డీ దూర్చుకునేవాడి విషయం వేరు, అక్కడ ‘దూర్చాడు’ అనే రాయాలి. (ఆ పాత్ర వేసింది దర్శకుడు షిన్యా త్సుకమోటోయే.) ఈ రెండు క్రియల మధ్య తేడాలోనే కథ ఉంది. ‘భయంకరమైన’ అన్న మాట ఎక్కడున్నా కొట్టెయ్.

‘ఎర్రటి రక్తం’ అని రెండుచోట్ల రాశావు. 1989లో వచ్చిన ఈ సినిమా 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్ము, ఇందులో ఎరుపే లేదు. రక్తం, నూనె, తుప్పు అన్నీ ఒకే నలుపు. ఒంటి మీద కారేది ఏదో పోల్చుకోలేకపోవడమే అసలు గగుర్పాటు. జ్ఞాపకంతో రాస్తే ఇలాంటి తప్పులే దొర్లుతాయి.

నిడివి 67 నిమిషాలే కాబట్టి మూడుసార్లు చూడు. మొదటిసారి ఎక్కడా ఆపకు. ఎవరు ఎవరన్నది ముక్కలుముక్కలుగా తర్వాత తెలుస్తుంది, ఆపి వెతికితే ఆ ఊపు పోతుంది. రెండోసారి శబ్దం తీసేసి చూడు. సందుల్లో మనుషులు నిలబడ్డ భంగిమలోనే దూసుకుపోతారే, అది ఒక్కో ఫ్రేము తీసి, నటుణ్ణి కాస్త జరిపి, మళ్ళీ తీసే పద్ధతి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో భంగిమకు రెండేసి తీసినా పది సెకన్లకు 120 భంగిమలు కావాలి. ఆ కుదుపు వల్లే ఒళ్ళు తన మాట వినడంలేదన్నట్టు కనిపిస్తుంది. మూడోసారి కళ్ళు మూసుకుని సంగీతం విను, అది చేసింది చూ ఇషికావా. ఇనుము మోత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నిమిషాలతో సహా రాసుకో.

ఆ ఉద్యోగి ఒంట్లో డ్రిల్లు మొలిచే ఘట్టాన్ని దాటెయ్యకు, రుచిగానూ వర్ణించకు. జరిగింది జరిగినట్టు పొట్టి వాక్యాల్లో రాయి. అతని ప్రియురాలిగా వేసిన కెయ్ ఫుజివారా ఈ సినిమాకు కెమెరా పని కూడా చేసింది. ఆవిడ పేరు నీ వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు.

పేరు సంగతి కూడా రాయి. జపాన్‌లో టెట్సువో మగవాళ్ళు పెట్టుకునే పేరే. ఇక్కడ దాన్ని రాసిన రెండు అక్షరాలకు అర్థం ఇనుము, మగవాడు.

ఈసారి వ్యాసమంతా వద్దు. పట్టీ, ఆ దూసుకుపోవడం, ఈ రెంటి మీదే ఒక పేజీ రాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య